దిగినవాడి భోజనం

మా బిలాస్‌పూర్‌లో పెద్దరోడ్డు మీద ఈ మధ్య ఒక హోటలు వెలిసింది. దాని పేరు రాయను. రాయకపోయినా మీకు తెలుసు, మీ ఊళ్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అదే అద్దాల తలుపు, అవే మెత్తటి కుర్చీలు, లోపల అడుగు పెట్టగానే అదే నవ్వు. గోడ మీద 'దేశమంతటా ఒకే రుచి' అని హిందీలో పెద్దక్షరాలతో రాసుకున్నారు. అదేదో గొప్ప అనుకుని రాసుకున్నారు పాపం. జైలు కూడు కూడా దేశమంతటా ఇంచుమించు ఒకే రుచిగా ఉంటుందని విన్నాను. జైలువాళ్లు మాత్రం ఎక్కడా బోర్డు పెట్టుకోలేదు.

ఆదివారం వచ్చిందంటే మా రైల్వే కాలనీలో సగం అక్కడే ఉంటుంది. గంటసేపు బయట నిలబడి, లోపలి నుంచి పేరు పిలవగానే పరీక్ష పాసైనట్టు మొహాలు వెలిగించుకుని వెళతారు. అక్కడ ఇడ్లీ పక్కన దాని చరిత్ర మూడు వాక్యాల్లో అచ్చు వేసి ఉంటుంది. కందిపొడికి 'గన్ పౌడర్' అని పేరు పెట్టారు. అది తినాలో పేల్చాలో తెలియదు. సాంబారు ఎక్కడో నాలుగు జిల్లాల అవతల వండి, గడ్డ కట్టించి, లారీలో తెచ్చి ఇక్కడ కరిగిస్తారట. ముప్ఫై అయిదేళ్లు బళ్లు నడిపినవాణ్ని, సరుకు రవాణా అంటే నాకు గౌరవమే. కానీ సాంబారు బొగ్గు కాదు కదా.

ఇలాంటివి నేను చాలా చెప్పగలను. చెప్పేవాణ్ని కూడా. పెళ్లిళ్లలో, ప్లాట్‌ఫారం మీద, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూముల్లో పక్క మంచం మీద పడుకున్నవాడు దుప్పటి ముసుగేసుకునేదాకా చెప్పేవాణ్ని. ఊరి హోటలు వదిలేసి ఆ అద్దాల కొట్లకు ఎగబడేవాళ్లకు సిగ్గు లేదనేవాణ్ని. నా మాటలు విని మారిన మనిషి ఒక్కడు కూడా లేడు. అది నాకు అప్పట్లో వాళ్ల తప్పుగానే కనిపించింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడ పడ్డాడు. నాన్న షెడ్డులో ఫిట్టరు. నేను ఇంజను డ్రైవర్ని. ఇప్పుడు దాన్ని లోకో పైలట్ అంటున్నారు. పేరు మారింది గానీ నేను నడిపిన ఇంజన్లలో మరుగుదొడ్డి మాత్రం రాలేదు. ఈ కథంతా ఆ లేని మరుగుదొడ్డి మీదే నడుస్తుంది కనుక ముందే చెప్పేస్తున్నాను.

డ్యూటీ ఎక్కేముందూ దిగాకా డ్రైవర్లందరం వెళ్లి సంతకం పెట్టే ఆఫీసుని లాబీ అంటాం. దానికి ఎదురుగా, రోడ్డు దాటితే పిన్ని హోటలు. రేకుల కప్పు, నాలుగు బెంచీలు, రెండు పొయ్యిలు. బోర్డు లేదు, మెనూ లేదు. పిన్ని భర్త షెడ్డులో కలాసీగా పనిచేసి చిన్న వయసులోనే పోయాడు. అప్పటి నుంచి ఆవిడ ఆ పొయ్యిల ముందే ఉంది. నాకంటే పదేళ్లే పెద్ద అయినా ఊరందరికీ పిన్నే. ఛత్తీస్‌గఢీ డ్రైవర్లూ బీహారీ డ్రైవర్లూ అదే ఆవిడ పేరనుకుని 'పిన్నీజీ' అంటారు.

ఏ హోటల్లోనైనా ఏం కావాలని అడుగుతారు. పిన్ని ఎప్పుడూ ఆ మాట అడగలేదు. బెంచీ మీద కూర్చోగానే ఆవిడ అడిగేది ఒకటే.

"ఎక్కుతన్నావా, దిగినావా?"

డ్యూటీ ఎక్కుతున్నానంటే రెండు ఇడ్లీలు, నూనె కలిపిన పొడి, అర గ్లాసు టీ. దారిలోకి పులిహోర పొట్లం. అంతే. సాంబారు లేదు, పప్పు లేదు, మజ్జిగ అసలే లేదు. ఎంత బతిమాలినా లేదు. సిగ్నలు పడకపోతే బండి ఏ లూప్ లైనులోనో అయిదారు గంటలు పడి ఉంటుంది. ఇంజను వదిలి దిగడానికి లేదు. ఆవిడకి ఆ సంగతి ఏ ఆఫీసరుకంటేనైనా బాగా తెలుసు. డ్యూటీ దిగానంటే మాత్రం అన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ, కడుపు నిండా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొకసారి దిగానని అబద్ధం చెప్పి రెండు గిన్నెల సాంబారూ చెంబుడు మజ్జిగా తాగి డ్యూటీ ఎక్కాను. చాంపా స్టేషను దాటాక ఏం జరిగిందో ఇక్కడ రాయను. తిరిగొచ్చాక పిన్ని నా మొహం చూసి ఏమీ అడక్కుండా పొడి డబ్బా నా ముందు పెట్టింది.

అయితే ఆవిడ లెక్కలో ఉద్యోగంలో ఉన్నవాడెవడూ పూర్తిగా దిగినట్టు కాదు. విశ్రాంతి గంటలు కాగానే మళ్లీ పిలుపు వస్తుంది కదా. అందుకని ఉలవచారు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, నెయ్యి పోసిన బెల్లం పరమాన్నం లాంటి నిద్ర తెప్పించే వంటలు మా ఎవరికీ ఎప్పుడూ పెట్టలేదు. అవి రిటైరైన రోజుకే. అదో ఆచారంగా నడిచేది. ఆఖరి డ్యూటీ దిగిన మనిషి లాబీలో సంతకం పెట్టి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా రోడ్డు దాటి పిన్ని బెంచీ మీద కూర్చోవాలి. పిన్ని విస్తరి వేసి తన చేత్తో వడ్డిస్తుంది. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతా లాబీ అంతా తినాలి. అలా ఎందరికో విస్తరి పడగా చూశాను. చూసిన ప్రతిసారీ నాకు ఇంకా ఎన్నేళ్లుందో లెక్క వేసుకునేవాణ్ని.

రిటైర్మెంటు నెల ఉందనగా వెళ్లి చెప్పాను. లాబీ నుంచి నలభైమందిని పిలుస్తానన్నాను. పిన్ని మోకాలు రుద్దుకుంది.

"నీదే ఆఖరిది నాయినా. మోకాళ్లు సెప్పిన మాట ఇనట్లేదు. నీ తర్వాత ఎవులికీ ఆకెయ్యను. ఇడ్లీలతో సరి" అంది.

అంటే ఆ విస్తరి నాకు ఎంత ఆఖరిదో ఆవిడకీ అంతే. పనసకాయకి మస్తూరీ వైపు రైతు ఎవరికో చెప్పి పెట్టింది. ఆ రోజు మామూలు టిఫిన్లు ఉండవని వచ్చేవాళ్లందరికీ నెల ముందు నుంచే చెప్పడం మొదలుపెట్టింది. నేను లాబీలో నలభైమందికీ పేరుపేరునా చెప్పాను. చెబుతూ చెబుతూ ఆ అద్దాల హోటల్ని మరోసారి నాలుగు మాటలన్నాను.

పది రోజులుందనగా మా అబ్బాయి సీపత్ నుంచి వచ్చాడు. అక్కడ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. వస్తూనే నవ్వుతూ, ఆ పెద్దరోడ్డు హోటల్లో నా రిటైర్మెంటుకి హాలు మాట్లాడేశానన్నాడు. చుట్టాలకీ తన స్నేహితులకీ చెప్పేశాడట. నేను లేచి నిలబడ్డాను. అరగంట ఉపన్యాసం ఇచ్చాను. గన్ పౌడరు, గడ్డ కట్టిన సాంబారు, ఏదీ వదల్లేదు. మా ఆవిడ మధ్యలో వంటింట్లోకి వెళ్లి పాలు పొంగకుండా దించి మళ్లీ వచ్చి కూర్చుంది. అంతా విని మావాడు, మా డివిజను పెద్ద సాహెబు కూడా వస్తానన్నాడని నెమ్మదిగా చెప్పాడు.

నేను కూర్చున్నాను.

"సాహెబ్‌ని ఆ బెంచీల మీద కూర్చోబెడతావేటి నాన్నా? అచ్ఛా నహీ లగ్తా, బాగోదు" అన్నాడు.

ముప్ఫై అయిదేళ్లలో ఆ హోదా ఆఫీసరుతో నేను మాట్లాడింది రెండుసార్లు. రెండుసార్లూ సంజాయిషీలే. అలాంటి మనిషి వచ్చి నా పక్కన కూర్చుని ఫొటో దిగుతాడంటే నా సిద్ధాంతాలన్నీ ఎటుపోయాయో నాకే తెలియలేదు. బయటికి మాత్రం, సరే, కుర్రాడు ముచ్చట పడ్డాడు, కాదంటే బాధపడతాడు అన్నాను. నా చపలత్వానికి కొడుకు ముచ్చట అని పేరు పెట్టుకున్నాను. వాళ్లు కందిపొడికి గన్ పౌడరని పెట్టుకున్నదానికీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు.

పిన్నికి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నాను. ఎందుకంటే నా దగ్గర ఒక టైం టేబులుంది. రాయగఢ్ నుంచి నా ఆఖరి బండి పదకొండుకి వస్తుంది. దండలూ ఫొటోలూ అయ్యేసరికి పదకొండున్నర. పన్నెండుకి అద్దాల హోటలు, సాహెబు, కేకు. పన్నెండున్నరకి అక్కడ కదిలితే ఒంటిగంటకి పిన్ని బెంచీ మీద ఉంటాను. ఇంటికి వెళ్లకుండా రావాలన్నది కదా ఆచారం, ఇంటికైతే వెళ్లడం లేదు కదా అని సరిపెట్టుకున్నాను. రెండు బళ్లని ఒకే లైను మీద తప్పించగలనని నమ్మేవాడు రైల్వేవాడు తప్ప ఇంకొకడు ఉండడు. ఏ బండీ వేళకి రాదని, ఏ ఆఫీసరూ రాడని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నమ్మాను.

ఆ రోజు బండి వేళకే వచ్చింది. ఇంజనుకి బంతిపూల దండలు కట్టారు, మేళం పెట్టారు, మా ఆవిడ ఇంజనుకి హారతిచ్చింది. లాబీకి వెళ్లి ఆఖరి సంతకం పెట్టాను. బయటికి వచ్చేసరికి రోడ్డుకి అవతల పిన్ని వాకిట్లో నిలబడి ఉంది. ఉతికి గంజి పెట్టిన చీర కట్టుకుంది. ఆవిడ వెనక బెంచీ మీద ఒకే ఒక విస్తరి వేసి ఉంది. పనసపొట్టులో ఆవ ఘాటు రోడ్డు దాటి ముక్కుకి తగిలింది. మావాడు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను పిన్ని వైపు చెయ్యెత్తి, ఇప్పుడే వస్తానని సైగ చేశాను. ఆవిడ తలూపింది. ఇంకా ఫొటోలేవో ఉన్నాయనుకుని ఉంటుంది.

అద్దాల హోటల్లో నన్ను ఆ మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. ప్యాంటు మీద లుంగీ చుట్టుకున్న వెయిటరు వచ్చి, దక్షిణ భారతానికి స్వాగతం అన్నాడు హిందీలో. తర్వాత సాంబారంటే ఏమిటో నాకు వివరించాడు. కందిపప్పుతో చేస్తారట. కాగితం మీద అరిటాకు బొమ్మ అచ్చు వేసి, దాన్ని పళ్లెంలో పరిచి, దాని మీద గిన్నెలు పెట్టారు. ఆకు మీద పెట్టినట్టూ ఉండాలి, ఆకుకి ఏమీ అంటకూడదు. చుట్టాలందరూ ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు. పన్నెండున్నరైంది, సాహెబు రాలేదు. ఒంటిగంటైంది. సాహెబు రాకుండా కేకు కొయ్యకూడదని మావాడు అన్నాడు. నేను లేవబోతే మా ఆవిడ, ఆయన ఇప్పుడే బయలుదేరాడట కూర్చోండి అంది. పిన్నికి ఫోను చేద్దామనుకున్నాను. చేసి ఏమని చెప్పను? ఎక్కడున్నావంటే ఏమనను? ఫోను జేబులోనే ఉండిపోయింది. అక్కడ పిన్ని హోటల్లో నలభైమంది ఒక ఖాళీ విస్తరి చుట్టూ కూర్చుని నా మొదటి ముద్ద కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.

సాహెబు రెండింటికి పదినిమిషాలుందనగా వచ్చాడు. మంచి మనిషే. నాకు శాలువా కప్పాడు, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కడుపు బాగోలేదని సూపు మాత్రం తాగాడు. తాగుతూ అటూ ఇటూ చూసి, కొంచెం నిరాశగానే అడిగాడు, ఇక్కడ పెట్టారేం అని. లాబీ దగ్గర ఎవరో పిన్నీజీ ఉందట, రిటైరైనవాళ్లకి ఆకు వేసి పెడుతుందట, తన జీపు డ్రైవరు రోజూ అక్కడే తింటాడట, ఇవాళ అక్కడే అనుకుని కడుపు బాగోలేకపోయినా బయలుదేరాడట. ఆ డ్రైవరైతే తనని ఇక్కడ దింపి అక్కడికే వెళ్లాడని చెప్పి నవ్వాడు. మావాడు నా వైపు చూశాడు. నేను పళ్లెంలో అరిటాకు బొమ్మ వైపు చూశాను. ఆ తర్వాత కేకు కోయించారు. లుంగీల వెయిటర్లు నలుగురు చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ ఒక పాట పాడారు. అది పుట్టినరోజు పాట.

మూడుంపావుకి ఆటో చేసుకుని ఒక్కణ్నే వెళ్లాను. దారిలో అబద్ధం సిద్ధం చేసుకున్నాను. సాహెబు ఆఫీసుకి పిలిపించాడు, పెన్షను కాగితాల మీద సంతకాలన్నాడు, కాదనలేకపోయాను. చెప్పుకుని చూస్తే బాగానే అతికింది.

పిన్ని హోటల్లో గుండిగలు బోర్లించి ఉన్నాయి. లాబీ నుంచి వచ్చినవాళ్లలో, నా కింద ఏళ్ల తరబడి అసిస్టెంటుగా పనిచేసిన ఛత్తీస్‌గఢీ మిత్రుడొకడు ఇంకా బెంచీ మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు. నన్ను చూడగానే గాభరాగా లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకొచ్చావు గురూ, పడుకోవాల్సింది కదా, ఇప్పుడెలా ఉంది అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. పిన్ని మాత్రం చూపు కదల్చకుండా తెలుగులో చెప్పింది. ఆ మిత్రుడికి ఆ భాష రాదు.

"ఎండలో దండలేసి నిలబెట్టీసరికి కారెక్కినాక తల తిరిగి పడిపోయినావని అందరికీ సెప్పినాను. ఆకు ముందల నలభైమంది కూకున్నారు మరి. ఏటి సెప్పమన్నావు?"

నేను సిద్ధం చేసుకొచ్చిన పెన్షను సంతకాల కంటే ఇది బాగా అతికింది.

"ఆ జీపు డ్రైవరు ఒచ్చి నువ్వెక్కడున్నావో సెప్పినాడు. ఆడి నోరు మూయాల కదా. అందుకే నీ ఆకు ఆడికేసినాను" అంది.

గొంతు పెంచలేదు. కోపంగా కూడా లేదు. చెమటకి ఆ గంజి చీర నలిగిపోయి ఉంది. ఆవిడ వేసిన ఆఖరి విస్తరి మీద, పనసపొట్టూ దప్పళమూ పరమాన్నమూ, ఒక జీపు డ్రైవరు కూర్చుని తిన్నాడు. అతను కనీసం ఇంజను కూడా నడపడు. నలభైమందిలో నా పరువు నిలబెట్టడానికి ఆవిడ ఆ పని చేసింది. నేనైతే ఒక ఫొటో కోసం ఆవిడ పరువు వాకిట్లో నిలబెట్టాను. ఏమైనా మిగిలిందా పిన్నీ అని అడగబోయాను. ఎందుకు అడగబోయానో తెలియదు, ఆకలి మాత్రం లేదు.

ఆవిడకి అడక్కముందే తెలిసింది.

"జబ్బు మనిసికి పనసపొట్టు ఎవులెడతారు?" అంది.

లోపలికి వెళ్లి గ్లాసు నిండా బియ్యం జావ తెచ్చి నా చేతిలో పెట్టింది. నా మిత్రుడు తల పంకిస్తూ, అవును గురూ, ఇవాళంతా అదే తాగు అన్నాడు. అతనికి వినపడేలా పిన్ని హిందీలో, నాలుగు రోజులు కదలకుండా ఇంట్లో పడుకో, ఇటు రావొద్దు అని కూడా చెప్పింది. అతను నా పక్కన కూర్చుని వీపు నిమురుతూ, ఉలవచారు ఎంత బాగుందో, పనసపొట్టు కూర ఎన్నిసార్లు అడిగి వేయించుకున్నాడో, నేనుంటే ఎంత బాగుండేదో చెప్పాడు. పిన్ని మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చుని గుండిగ తోముతోంది. నేను మెడలో శాలువాతో, ఉప్పు లేని ఆ జావ అడుగుదాకా తాగాను.